ముందు వచ్చినవారి దీపం

మెట్టస్వామిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందుగా చెప్పులు వెతుక్కుంటారు. జవాబు చెప్పడం చేతకాక అని కొందరు, ఇష్టంలేక అని కొందరు అంటారు గానీ, ఆయన దగ్గర మసలినవాళ్ళకు సంగతి తెలుసు. చెప్పులు దొరికాయంటే అడిగినవాడు ఎక్కడికో ప్రయాణం కట్టవలసిందే. కోపం ఎలా పోతుందని అడిగిన ఒక బడిపంతులుగారిని ఆయన వెంటబెట్టుకుపోయి, కుమ్మరి ఆవం దగ్గర పొద్దువాలేదాకా కూర్చోబెట్టారు. అక్కడ ఏం చూశారో పంతులుగారు ఇప్పటికీ చెప్పరు. కోపం మాత్రం కాస్త తగ్గిందని వాళ్ళావిడ అంటుంది. ఈ విషయంలో ఆవిడ మాటే నమ్మాలి మరి.

సబ్బవరం దాటాక ఒక మెట్ట మీద రెండు గదులు వేసుకుని ఉంటారు కాబట్టి ఆయనకు ఆ పేరు. ఆయన శిష్యుల్లో నూకరాజు అని అనకాపల్లి బెల్లం వ్యాపారి ఒకడు. మనిషి మంచివాడు. నోరే కాస్త పెద్దది. అతను మాట్లాడడం మొదలుపెడితే ఎదుటివాడికి తుమ్మడానికైనా సందు దొరకదని మార్కెట్లో చెప్పుకుంటారు. పెద్ద క్షేత్రం అన్న పేరు వినబడితే చాలు, నూకరాజు అక్కడి క్యూలో నిలబడి వచ్చి ఆ క్యూ ఎంత పొడుగో వారంపాటు వర్ణించేవాడు. క్యూ పొడుగును బట్టి దేవుడి శక్తిని కొలవడం అతనికి అలవాటు.

మాఘమాసంలో అతని భార్య పైడమ్మకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత స్వాధీనంలోకి వచ్చాయి. మాట మాత్రం రాలేదు. డాక్టర్లు రావచ్చన్నారు, రాకపోవచ్చు కూడా అన్నారు. ఆమె కళ్ళు తెరిచి చూస్తూ ఉండేది, నూకరాజు ఆమె పక్కన కూర్చుని ఎప్పటిలాగే మాట్లాడుతూ ఉండేవాడు. వేసవి ముదిరాక ఒకరోజు మెట్టెక్కి వచ్చాడు.

"స్వామీ, ఉత్తరాదిన గొప్ప క్షేత్రంలో ఆవునెయ్యి దీపం పెడతానని మొక్కుకున్నాను. మా ఇంటిదానికి మాట రావాల. ఏ క్షేత్రమో మీరే సెప్పండి. నన్నడిగితే జనం ఇరగబడి ఎళ్ళే చోటే మంచిది. శక్తి లేపోతే అంతమంది ఎందుకెళ్తారు? ఎవులూ ఎళ్ళని మూలల్లో కూడా గుళ్ళున్నాయంటారు. ఎవులూ రాని చోట దేవుడుండి ఏటి లాభం స్వామీ? ఎవుల కోసం ఉన్నట్టు?"

స్వామి వంగి అరుగు కింద చెప్పుల కోసం చూడసాగారు. నూకరాజు సంబరపడిపోయాడు.

ప్రయాణం సాగింది. రైలు ఏ పెద్ద క్షేత్రం దరిదాపుల్లోకి వచ్చినా నూకరాజు సంచీ భుజాన వేసుకుని, నెయ్యి డబ్బా చేతబట్టుకుని లేచి నిలబడేవాడు. "ఇక్కడ కాదు" అనేవారు స్వామి, కిటికీలోంచి చూపు తిప్పకుండానే. మైదానం అయిపోయింది, రైలు అయిపోయింది, బస్సు కొండలెక్కింది. కొండ కింద తవ్విన సొరంగం దాటేసరికి చెట్లు కూడా అయిపోయాయి. కింద చంద్రభాగా నది బూడిదరంగులో హోరెత్తుతోంది, పైన కొండల నెత్తిన ఇంకా మంచుంది. అది లాహౌల్ అనే లోయ అని, ఇక్కడ హిందువులూ బౌద్ధులూ ఒకే కప్పు కింద బతుకుతారని, ఒక్కోసారి ఒకే మనిషిలోనూ బతుకుతారని బస్సులో ఎవరో చెప్పారు. ఒక టీకొట్టు దగ్గర స్వామి దిగారు. కొట్టు ఎదురుగా నది మీద కర్రవంతెన, వంతెన అవతల కొండ మీదికి సన్నటి కాలిబాట. ఇంకేం లేదు.

"ఇదా స్వామీ?" అన్నాడు నూకరాజు. బెల్లం ఉత్తరాదికి పంపి పంపి అతనికి హిందీ పట్టుబడింది. అందుకని టీకొట్టాయన వైపు తిరిగి, "ఇలాంటి మూలకి ఎవరొస్తారయ్యా?" అని అడిగాడు. టీకొట్టాయన అతన్ని కిందనుంచి పైదాకా చూసి గ్లాసు చేతికిచ్చాడు.

కొండెక్కితే థామ్లింగ్ అనే ఊరు. ఊరంటే కొన్ని ఇళ్ళూ బఠాణీ చేలూ. చేల చివర పలకరాళ్ళు కప్పిన ఒంటిగది గుడి. తలుపుకి ఒక పక్క త్రిశూలం, ఇంకో పక్క చేత్తో తిప్పే ప్రార్థనాచక్రం. లోపల మొహం అరిగిపోయిన రాతి విగ్రహం. పూజారి నోర్బూ రామ్ చేలోంచి లేచి, చేతుల మట్టి దులుపుకుంటూ వచ్చాడు. ఇంతకీ ఈయన శివుడా, బుద్ధుడి తరఫువాడా అని నూకరాజు అడిగితే, "కొందరు శివుడంటారు, కొందరు అవలోకితేశ్వరుడంటారు. ఆయన మాత్రం ఎప్పుడూ ఏమీ చెప్పలేదు" అన్నాడు.

నూకరాజు సంచీ విప్పి నెయ్యి డబ్బా తీశాడు. చలికి నెయ్యి సబ్బులా గడ్డకట్టి ఉంది. దాన్ని చంకలో పెట్టుకుని వేడిచేస్తూ, "దీపం ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు.

"పెట్టడం పక్కనుంచు సేఠ్‌జీ. ముందు వెలిగించడం ఉంది" అన్నాడు నోర్బూ రామ్. విగ్రహం ముందు ఒకే ఒక ఇత్తడి ప్రమిద ఉంది. నిండా వెన్న, మధ్యలో వత్తి, వెలిగించని వత్తి. దాని మీద సన్నగా దుమ్ము పేరుకుంది.

అప్పుడు చెప్పాడు అక్కడి ఆచారం. ఆ గుళ్ళో ఎవరి దీపం వాళ్ళు వెలిగించుకోకూడదు. ముందు వచ్చినవారు వదిలిపోయిన దీపాన్ని ఇప్పుడు వచ్చినవారు వెలిగించాలి. వాళ్ళేం అడిగారో పూజారి చెబుతాడు. దాన్ని తన కోరికలాగే దేవుణ్ణి అడగాలి. ఆ తర్వాత తన ప్రమిదలో నెయ్యి నింపి, తన కోరిక పూజారికి చెప్పి, వెలిగించకుండా అక్కడ వదిలి వెళ్ళాలి. ఆ తర్వాత వచ్చేవారు ఎవరో అది వెలిగిస్తారు. ఊరివాళ్ళు వెలిగించకూడదు, నది దాటి వచ్చినవాళ్ళే వెలిగించాలి. ఇది ఎప్పటినుంచి వస్తోందని అడిగితే నోర్బూ రామ్ కి తెలియదు. వాళ్ళ తాతకీ తెలియదట.

"ఈ దీపం ఎప్పటిది?"

"మంచు పడకముందుది. చలికాలమంతా బాట మూసుకుపోయింది. తర్వాత వచ్చింది మీరే."

తన దీపం కూడా ఇలాగే దుమ్ము పట్టి కూర్చుంటే, అక్కడ మంచం మీద పైడమ్మ సంగతేమిటి? అయితే వ్యాపారి బుర్ర కదా, చప్పున ఒక లెక్క తట్టింది. గుమ్మం బయట బండ మీద స్వామి కూర్చుని ఉన్నారు. తను ముందు వెళ్ళాలి, తన వెనకే స్వామి వెళ్ళాలి. అంతే, తన దీపం ఇవాళే వెలుగుతుంది, పైగా స్వామి చేత్తో వెలుగుతుంది. నూకరాజు మొహం విప్పారింది.

నోర్బూ రామ్ నెమ్మదిగా చెప్పసాగాడు. "ఇది అంగ్మో అనే ఆమె పెట్టింది. నది అవతలి ఊరు. వాళ్ళక్కనీ ఆ ఊరికే ఇచ్చారు. ఇద్దరి చేలూ ఒకే కాలువ కింద. నీళ్ళ వంతు దగ్గర మాటామాటా పెరిగి అక్క ఈమెతో మాట్లాడడం మానేసింది. ఎదురుపడినా తల తిప్పుకుని పోతుందట. అక్క మళ్ళీ తనతో మాట్లాడాలని అడిగింది. అక్క పేరు..."

"సరే సరే, తెలిసింది" అన్నాడు నూకరాజు. చంకలో డబ్బా నెయ్యి కరిగిందో లేదో వేలితో చూసుకుంటున్నాడు. పూజారి అక్క పేరు చెప్పనే చెప్పాడు. అది నూకరాజు చెవిదాకా వచ్చి అక్కణ్ణుంచే వెనక్కి పోయింది. అగ్గిపుల్ల గీసి దీపం వెలిగించాడు. "ఎవులో అక్కాచెల్లెళ్ళంట, నీకు తెలిసిందే, సూసుకో నాయనా" అని తెలుగులో గబగబా అని దండం పెట్టాడు. తర్వాత తన ప్రమిద నింపి, వత్తి వేసి, తన కోరిక మాత్రం పూజారికి రెండుసార్లు చెప్పి, అప్పగింతలన్నీ అయ్యాక బయటికొచ్చాడు.

"స్వామీ, ఎళ్ళండి. మీదే ఆలస్యం" అన్నాడు.

"నేనెందుకు?"

"నా దీపం ఎలిగించాలి కదండీ."

"వెలిగించినవాడు తనదొకటి వదలాలట. నాకు అడిగేదేమీ లేదు నూకరాజూ" అన్నారు స్వామి.

"ఏదో ఒకటి అడిగేద్దురూ!"

"దేవుడి దగ్గర అబద్ధం అడగమంటావా?"

నూకరాజు పూజారిని చూశాడు. అడిగేది లేనివాళ్ళు వెలిగిస్తే తర్వాతివారికి వెలిగించడానికి దీపం మిగలదని, అందుకని అది కుదరదని పూజారి చెప్పాడు. నూకరాజు కాసేపు అటూఇటూ తిరిగాడు. తర్వాత ఉన్నట్టుండి గుమ్మం దాటి చేల గట్టుదాకా వెళ్ళి, అక్కణ్ణుంచి కొత్తగా వస్తున్నవాడిలా నడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నోర్బూ రామ్ పడీపడీ నవ్వాడు. "గట్టుదాకా వెళ్ళొస్తే కొత్తవాడివైపోతావా సేఠ్‌జీ? మధ్యలో ఇంకొకరు రావాలి. అప్పుడు నువ్వు మళ్ళీ రావచ్చు, ఎవరొద్దన్నారు?" అన్నాడు.

ఆ రాత్రికి పూజారి ఇంట్లోనే పడుకున్నారు. తెల్లవారాక స్వామి బఠాణీ చేలో కలుపు తీయడానికి కూర్చున్నారు. నూకరాజు కొండ దిగి రోడ్డు మీదికి పోయాడు.

చూడవలసింది అప్పుడు అతన్ని. ఎవరూ రాని చోట దేవుడెందుకని అడిగిన మనిషి, టీకొట్టు ముందు నిలబడి వచ్చేపోయే వాళ్ళందరినీ గుడికి పిలుస్తున్నాడు. మోటారుసైకిళ్ళ మీద కుర్రాళ్ళు ఆగితే, "బాబూ, పైన మహిమగల గుడి ఉంది, కాస్త ఎక్కి రండి" అన్నాడు. వాళ్ళు అతనితో ఒక ఫోటో దిగి వెళ్ళిపోయారు. లారీ డ్రైవర్లు చేతులూపారు. ఢిల్లీ నుంచి వచ్చిన ఒక కుటుంబం మాత్రం ఆసక్తిగా విన్నది. నూకరాజుకి ప్రాణం లేచొచ్చింది. నోటికొచ్చిన మహిమలన్నీ వర్ణించాడు, ఆ లోయలో ఎవరూ ఎప్పుడూ వినని మహిమలు కూడా చెప్పాడు. వాళ్ళు చెప్పులు బిగించుకుని వంతెన దాకా వచ్చారు. అక్కడ ఇంటాయన ఆగి, "అంటే మేము ఎవరిదో వెలిగించాలి. మరి మాది ఎప్పుడు వెలుగుతుంది?" అన్నాడు.

"తర్వాత ఎవరైనా వచ్చినప్పుడు."

"ఇంత మూలకి ఎవరైనా వస్తారా?"

నూకరాజు ఖాళీగా ఉన్న రోడ్డు వైపు చూశాడు. వాళ్ళు కారెక్కి వెళ్ళిపోయారు. టీకొట్టాయన గ్లాసులు కడుగుతూ, "నిన్న నువ్వు నన్నడిగిన మాటే కదూ అది?" అన్నాడు. నూకరాజుకి ఏడుపొచ్చినంత పనైంది. బల్ల మీద కూలబడ్డాడు. ఇంటి దగ్గర పైడమ్మ కళ్ళు అతనికి గుర్తొచ్చాయి. ఏదో చెప్పాలని ఆమె పెదవి కదపడం, మాట రాక కళ్ళు గోడ వైపు తిప్పుకోవడం గుర్తొచ్చింది. ఆమె ఇక ఎప్పటికీ మాట్లాడదేమోనన్న భయం నెలల తరబడి అతని మాటల కింద దాక్కుని ఉంది. మాటలు ఆగేసరికి అది బయటపడింది.

మధ్యాహ్నం బస్సు ఆగి ఒక ఆడమనిషి దిగింది. నడివయసు దాటింది, తలకి గుడ్డ, వీపున బుట్ట. ఎవరూ ఏమీ చెప్పకుండానే తిన్నగా వంతెనెక్కింది. నూకరాజు గ్లాసు వదిలేసి పరుగు తీశాడు. ఆమె వెంట నడుస్తూ, గుడి గొప్పదనం ఎత్తుకున్నాడు. ఆమె ఆయాసపడకుండా ఎక్కుతూ అంతా విని, "నాకు తెలుసు బాబూజీ. మంచు పడకముందు వచ్చాను. నా దీపం ఎవరైనా వెలిగించారేమో చూసిపోదామని వస్తున్నాను" అంది.

"అంగ్మో అంటే నువ్వేనా? నేనే వెలిగించాను, నిన్ననే!"

ఆమె బాట మధ్యలో ఆగిపోయింది. బుట్ట దింపి, వంగి, అతని పాదాలు ముట్టుకుంది. కళ్ళు తుడుచుకుంది. "చలికాలమంతా అనుకున్నాను, నా గురించి అడగడానికి ఎవరొస్తారులే అని. ఎంత దూరం నుంచి వచ్చారు మీరు! అడిగారా? మా అక్క పేరు చెప్పి అడిగారా?"

నూకరాజు ఆ పేరు కోసం బుర్రంతా వెతికాడు. పూజారి నోరు కదలడం గుర్తుంది. నెయ్యి కరగడం గుర్తుంది. "చెప్పాను" అన్నాడు.

"మీ మేలు మరచిపోను" అంది ఆమె. మళ్ళీ నడక సాగించాక, "ఇప్పుడు మీది నేను వెలిగించాలి కదా. పూజారి చెబుతాడు, కానీ మీరే చెప్పండి. మనసులో పెట్టుకోవాలి" అంది.

నూకరాజు చెప్పాడు. ఆమె పైడమ్మ పేరు రెండు మూడుసార్లు నోట్లో పలికి చూసుకుంది. తర్వాత, "మాట పోకముందు ఆమె ఏం మాట్లాడేది?" అని అడిగింది.

"ఏముంటుంది, ఇంటి మాటలే."

"ఏ మాటలు? ఊరికే మాట రావాలి అంటే ఎలా? ఏ మాట రావాలో నేను అడగాలి కదా."

జీవితంలో మాటకు తడుముకోని నూకరాజు ఆ బాట మీద తడుముకున్నాడు. సాయంత్రం ఇంటికి రావడం, కాళ్ళు కడుక్కుని కూర్చోవడం, మార్కెట్ సంగతులన్నీ తను చెప్పడం గుర్తొచ్చింది. పైడమ్మ "ఊఁ" అనడం గుర్తొచ్చింది. ఎప్పుడైనా ఆమె "ఇదిగో, ఇయాళ..." అని మొదలుపెడితే, "ఉండు, ముందు నేను సెప్పేది ఇను" అని తను అనడం గుర్తొచ్చింది. ఆ "ఇయాళ" తర్వాత ఏమిటో ఒక్కనాడూ వినలేదు. వెతకగా వెతకగా ఒక్కటే దొరికింది.

"కాకితో మాట్లాడేదమ్మా" అన్నాడు. "పెరటి గోడ మీద అన్నం ముద్ద పెట్టి, ఇవాళ పప్పు మాడింది, ఏమనుకోకు, పాలబ్బాయి కూతురికి పెళ్ళి కుదిరింది, అని కాకికి చెప్పేది. నేను నవ్వేవాణ్ణి."

అంగ్మో కూడా నవ్వింది. "అయితే కాకి సంగతి కూడా చెబుతాను" అంది.

గుడికి చేరాక ఆమె చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. నూకరాజు బయట బండ మీద, చేలోంచి వచ్చి కూర్చున్న స్వామి పక్కన చతికిలబడ్డాడు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినబడింది. తర్వాత ఆమె గొంతు. వాళ్ళ భాషలో అడుగుతోంది, తొందర లేకుండా, దగ్గరివాళ్ళతో మాట్లాడినట్టు. ఆ భాషలో నూకరాజుకి ఒక్క ముక్కా తెలియదు. కానీ నడుమ నడుమ "పైడమ్మా" అన్న పేరు, కొంచెం వంకరగా, వినబడుతూనే ఉంది. ఒకచోట కాకి కూతను నోటితో చేసి మరీ చూపింది. ముక్కూమొహం తెలియని మనిషి తన పెళ్ళాం కోసం దేవుడి ముందు కాకిలా అరుస్తోంది. నూకరాజు పైగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. స్వామి అటు చూడలేదు.

ఆమె బయటికి రాగానే నూకరాజు లేచి నిలబడ్డాడు.

"అమ్మా, నీతో అబద్ధమాడాను. మీ అక్క పేరు నేను చెప్పలేదు. పూజారి చెబుతుంటే వినలేదు. నీకు తెలిసిందే, చూసుకో అని దేవుడికి చెప్పేసి, నా పని చూసుకున్నాను."

అంగ్మో మొహంలో వెలుగు ఆరిపోయింది. తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకుంది. కాలువ వైపు, నది వైపు చూసింది. ఆమెకు కోపం వచ్చింది, అది కనిపిస్తూనే ఉంది. పూజారి చేల వైపు తిరిగి నిలబడ్డాడు.

"డెకీ" అంది చివరికి. "మా అక్క పేరు డెకీ. చిన్నప్పుడు నన్ను వీపు మీద మోసుకుని ఈ నది దాటించేది. ఇప్పుడు గుర్తుంటుందా?"

"గుర్తుంటుందమ్మా."

"మరి నా కొత్త దీపం లోపలుంది. వెళ్ళండి."

నోర్బూ రామ్ గుమ్మంలో నిలబడి ఆమె కొత్త కోరిక చెప్పాడు. అక్క ఎప్పుడైనా పలకరిస్తే, తన నోట పాత మాట, ఎదురు మాట రాకూడదని అడిగిందట. నూకరాజు ఈసారి చేతులు కట్టుకుని విన్నాడు. అర్థంకాని చోట మళ్ళీ చెప్పమన్నాడు. కాలువ ఏ వైపునుంచి వస్తుంది, ఎవరి చేను పైన, ఎవరిది కింద, అన్నీ అడిగి తెలుసుకున్నాడు. "నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి అడగొచ్చునా?" అన్నాడు.

"అడుగు. ఆయనకేం తొందర?" అన్నాడు పూజారి.

లోపలికెళ్ళి చాలాసేపు ఉన్నాడు. డెకీ పేరు చెప్పాడు, అంగ్మో పేరు చెప్పాడు, నది చెప్పాడు, వీపు మీద మోయడం చెప్పాడు. నిన్న తను చేసిన నిర్వాకం కూడా చెప్పాడు. తర్వాత తన ప్రమిద నింపాడు. ఇప్పుడు ఏం కోరుకుంటావని పూజారి అడిగాడు. పైడమ్మకు మాట రావాలన్నది అంగ్మో అడిగేసింది, తనకంటే బాగా అడిగింది.

"ఆమెకి మాట వచ్చినా, రాకపోయినా, నేను వినాలి. అది చాలు" అన్నాడు నూకరాజు.

అంగ్మో ఆ సాయంత్రమే వాళ్ళతో పాటు కొండ దిగి, బుట్టలోంచి ఎండబెట్టిన నేరేడుపళ్ళలాంటివేవో గుప్పెడు తీసి నూకరాజు చేతిలో పెట్టి, నది పైవైపు వెళ్ళే బస్సెక్కింది. వీళ్ళ బస్సు ఇంకా రాలేదు. ఫోను పలికేది ఆ టీకొట్టు దగ్గరే. నూకరాజు ఇంటికి ఫోను చేశాడు. మరదలు ఎత్తింది. అక్కకి ఎలా ఉందంటే అలాగే ఉంది బావా అంది.

"ఫోను దాని సెవి దగ్గర ఎట్టు" అన్నాడు.

పెట్టింది. మామూలుగా అయితే ఇక నూకరాజు ఆపకుండా మాట్లాడేవాడు, రైలు సంగతి, చలి సంగతి, నెయ్యి గడ్డకట్టిన సంగతి. ఇప్పుడు "నేనే" అన్నాడు, అని ఊరుకున్నాడు. అటునుంచి ఊపిరి వినబడింది. కొంచెం ఎగుడుదిగుడుగా, ఏదో మొదలుపెట్టి ఆగినట్టు, మళ్ళీ మొదలుపెట్టినట్టు. దాని వెనక ఎక్కడో పెరటి గోడ మీద కాకి అరుస్తోంది. నూకరాజు ఫోను చెవికి అదుముకుని తలొంచుకున్నాడు.

"ఊఁ" అన్నాడు. కాసేపయ్యాక మళ్ళీ, "ఊఁ" అన్నాడు.

టీ చల్లారిపోయింది. బస్సు వచ్చే వేళైంది. నూకరాజు ఫోను జేబులో పెట్టుకుని, నది అవతల కొండ వైపు చూశాడు. పలకరాళ్ళ కప్పు అంత దూరానికి కనబడలేదు.

"నా రెండో దీపం అక్కడుండిపోయింది స్వామీ" అన్నాడు. "మళ్ళీ మంచు పడేలోగా ఆ మూలకి ఎవులొస్తారంటారు?"

స్వామి ఈసారి చెప్పులు వెతకలేదు. అవి కాళ్ళకే ఉన్నాయి.

"నువ్వొచ్చావుగా" అన్నారు.